చేతి మీద పేరు

నిడదవోలు,
కార్తీక మాసం, సోమవారం

అక్కా,

నా అక్షరాలు చూసి నవ్వకు. ఏడో తరగతితో బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. ఫోన్‌లో చెప్పచ్చు కదా అంటావు. ఇక్కడ ఫోన్ హాల్లో టీవీ పక్కన ఉంటుంది. ఎవరు చేసినా స్పీకర్ పెట్టే మాట్లాడాలి. అత్తయ్యగారు చెడ్డవారని కాదు, ఆవిడకి అందరి మాటలూ వినాలని సరదా. నీతో నాలుగు మాటలు స్పీకర్ లేకుండా చెప్పాలనిపించింది.

మాఘంలో మా పెళ్ళిరోజు వస్తుంది కదా. ఆయన నన్ను రాజమండ్రి తీసుకెళ్ళి చేతి మీద టాటూ వేయిస్తారట. మన అమ్మమ్మకి ఉండేదే, పచ్చబొట్టు. ఇప్పుడు షాపులో ఏసీ గదిలో కూర్చోబెట్టి వేస్తారట. "నీకు నప్పే డిజైన్ నువ్వే చూసుకో. నా పేరు మటుకు అందులో ఉండాలి" అని తన ఫోన్ నా చేతికిచ్చారు. అందులో ఎన్ని బొమ్మలో అక్కా! ఈకలు, సీతాకోకచిలుకలు, గుండెలోంచి దూసుకుపోయే బాణాలు. ఏది చూసినా ఇంకెవరి చేతి మీదదో అనిపిస్తోంది. అమ్మవారి బొమ్మ బాగుందని అత్తయ్యగారికి చూపిస్తే, "అంట్లు తోమే చేతి మీద అమ్మవారేంటే, పిచ్చిమొహమా" అన్నారు. అదీ నిజమే.

ఆయన చేతి మీద నా పేరు ఉండటం నువ్వు పెళ్ళిలో చూసే ఉంటావు. ఎడమ చేతికి, మోచేతి కింద, అశ్విని అని. ఆయన పేరుకి నాగదుర్గ కలవదని పంతులుగారు చెప్పారని, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో కొత్త పేరు రాయించారు కదా. అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. ఇంటికొచ్చాక ఆయన చెయ్యి చూశాను. పెళ్ళికి ముందే నా కొత్త పేరు పొడిపించుకున్నారా అని ఎంత సంబరపడ్డానో ఎవరికీ చెప్పలేదు. ట్రాక్టర్ల షాపు నుంచి వచ్చి సబ్బుతో చేతులు రుద్దుకుంటుంటే గ్రీజు కింద నుంచి నా పేరు బయటికొస్తుంది. అది చూడ్డానికే రోజూ నేను నీళ్ళు పోస్తాను.

అలాంటి మనిషి పేరు వేయించుకుంటున్నప్పుడు ఏదో ఒక బొమ్మ చాలదు కదా. నువ్వు గళ్ళ కాగితం మీద చీరల బుటాలు గీస్తావు. నాకు నప్పేది ఒకటి గీసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
అశ్విని

*

ఉప్పాడ,
కార్తీక మాసం చివర

దుర్గా,

సంతకం చూసి "ఈ అశ్విని ఎవరు సత్యకుమారీ, నీకు ఉత్తరాలు రాసేంత స్నేహితురాలు?" అని నీ బావ కవరు అటూ ఇటూ తిప్పాడు. మీ మరదలే మహాప్రభో అన్నాను. నువ్వు ఏ పేరు పెట్టుకున్నా నా నోటికి దుర్గే వస్తుంది. అలవాటు పడు.

వంటపాక మొన్నటి పోటుకి పోయింది. సముద్రం ఇప్పుడు పెరట్లోకి వచ్చి పలకరిస్తోంది. అమ్మని మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. మగ్గం ఉన్న గదిలోనే వంట, అక్కడే పడక. రాత్రి కాళ్ళు చాపితే మగ్గం గోతిలో పడతాయి. నీ బావ నవ్విస్తూ ఉంటాడు కాబట్టి గడుస్తోంది.

డిజైన్ సంగతి. చీర కట్టుకుని నచ్చకపోతే మడిచి పెట్టెలో పెడతాం. ఇది పెట్టెలో పెట్టేది కాదు, కాబట్టి తొందరపడకు. నీకు నప్పేది ఏంటని నన్నడిగావు. నా పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టే రోజుల్లో నువ్వు ఏ బుటా దగ్గర పని మానేసి నోరు తెరుచుకుని చూసేదానివో నాకు గుర్తుంది. కొమ్మ మీద చిలక, మెడ వెనక్కి తిప్పి చూసే చిలక. అదే గీసి పంపుతున్నాను. కింద పేరుకి చోటు వదిలాను.

ఒక్కటి అడుగుతాను. నీ మొగుడి చేతి మీద అక్షరాలు నల్లగా ఉన్నాయా, పచ్చగా తిరిగాయా? అంచులు గీత గీసినట్టున్నాయా, పాకినట్టున్నాయా? రోజూ రంగులతో బతికేదాన్ని కదా, ఊరికే అడుగుతున్నాను.

అమ్మ బాగుంది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే మధ్యలో లేచి వెళ్ళిపోయింది. కంట్లో పొగ అంది.

మీ అక్క,
సత్యకుమారి

*

నిడదవోలు,
మార్గశిరం

అక్కా,

నీ ఉత్తరం పోస్టతను అత్తయ్యగారి చేతికే ఇచ్చాడు. ఆవిడకి చదవడం రాదు కదా, "మీ అక్క ఏం రాసిందే, చదువు" అని పీట వేసుకుని కూర్చున్నారు. కాగితం ముందు పెట్టుకుని వానల సంగతి, మగ్గం సంగతి నేనే అల్లి చదివాను. మధ్యలో అత్తయ్యగారికి నమస్కారాలు అని కూడా కలిపాను. ఆవిడ పొంగిపోయారు.

నువ్వు అడిగినదానికి జవాబు. పచ్చగా ఉన్నాయి. అంచులు పాకాయి. నువ్వు ఎందుకు అడిగావో నాకు ఇప్పుడు తెలిసింది.

ముందుగా ఒకసారి చెయ్యి చూపించి డిజైన్ మాట్లాడుకోవాలట. అందుకని మొన్న బుధవారం రాజమండ్రి వెళ్ళాం. టాటూ వేసే అతని పేరు కార్తీక్. ఒక్క క్షణం నోరు ఊరుకోడు. నీ చిలకని చూసి "ఎవరండీ గీసింది? నన్ను షాపు మూసుకోమంటారా?" అన్నాడు. నాకు ఎంత గొప్పగా అనిపించిందో. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని దీపం కిందకి లాగాడు.

"ఇది పాతదే కదన్నా. ఆరేడేళ్ళ పైమాటే. జాతరలో వేయించావా?"

ఆయన ఊఁ అన్నారు.

"అంటే వదినగారి పేరు అప్పుడే రాయించేశావన్నమాట. చిన్నప్పటి లవ్వా? చూస్తే అమాయకుడిలా ఉన్నావు!"

"నువ్వు డిజైన్ సంగతి చూడవయ్యా" అన్నారు ఆయన. మొహం కందిపోయింది.

ఆరేడేళ్ళ కిందట నేను నీ పక్కన కండెలు చుడుతున్నాను అక్కా. అప్పటికి నాకు ఆ పేరే లేదు.

రైల్లో ఇద్దరం కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. వంతెన మీదకి వచ్చాక, గోదావరి వంక చూస్తూ చెప్పారు. "మా మామయ్య కూతురు. పిఠాపురం. డెంగీ జ్వరం వచ్చి పోయింది." కొవ్వూరు వచ్చాక మళ్ళీ అన్నారు, "నీకు చెప్పే ఉంటారనుకున్నాను."

ఇంటికొచ్చి బియ్యం ఏరుతున్న అత్తయ్యగారి దగ్గర కూర్చున్నాను. నా నోరు నీకు తెలుసు కదా, నేనూ రాళ్ళు ఏరాను. ఆవిడే నా మొహం చూసి చేట పక్కన పెట్టారు.

"తెలిసిందా? తెలిస్తే తెలిసిందిలే. మా అన్నయ్య కూతురు. పుట్టిన రోజునే నా కోడలనుకున్నాం. అది పోయాక వీడు పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. చేతి మీది పేరు చెరిపించుకోరా అంటే కస్సుమన్నాడు. పెళ్ళాం పేరొకటి, చేతి మీద పేరొకటి అయితే ఊరు నవ్వేది నిన్నే కదే? అందుకే నీ పేరు మార్చాను. నీకు మంచే చేశాను."

"పంతులుగారు కలవలేదన్నారని..." అన్నాను.

"ఆయనదేముంది, మనం ఏది కలపమంటే అది కలుపుతాడు" అని నా తల నిమిరారు. ప్రేమగానే నిమిరారు అక్కా. అందుకే నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు.

అందరికీ టాటూ మనిషికి నప్పేలా చూస్తారట. ఇక్కడ టాటూకి నప్పేలా నన్ను చూశారు.

ఇవాళ కూడా చేతులకి నీళ్ళు పోశాను. కళ్ళు తిప్పుకున్నాను.

నీ చెల్లెలు

*

ఉప్పాడ,
మార్గశిరం

దుర్గా,

నీ ఉత్తరం చదివి నీ అత్తగారిని తిట్టిన తిట్లు కాగితం మీద పెడితే పోస్టాఫీసువాళ్ళు తీసుకోరు.

పెళ్ళిలో ఆ చెయ్యి చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. కొత్తగా పొడిచింది అలా ఉండదు. అమ్మని నిలదీశాను. అమ్మకి తెలుసే. సంబంధం తెచ్చిన మనిషి అంతా చెప్పాడట. "పోయిన పిల్లతో పోటీ ఏముంటుందే, కుర్రాడు తాగడు, కొట్టడు, షాపుంది, ఇంకేం కావాలి అనుకున్నాను" అని ఏడ్చింది. మాట మాటకీ ముక్కు చీదుతూ, "పేరే కదే, పేరే కదే" అంటుంది. నేను రోజంతా అమ్మతో మాట్లాడలేదు. సాయంత్రం మాట్లాడాను. ఒక్క గదిలో ఉండి ఎంతసేపు మాట్లాడకుండా ఉంటాం?

వచ్చెయ్ అని రాద్దామనే కూర్చున్నాను. ఆ మాట రాసి, గది చుట్టూ చూసి, కొట్టేశాను. ఆ కొట్టేసిన గీత పైన కనిపిస్తోందా? అదే. మగ్గం తీసేస్తే నీకు పడక దొరుకుతుంది. మగ్గం తీసేస్తే తిండి దొరకదు. నీ బావ వరండాలో పడుకుంటానన్నాడు. వరండా ఎక్కడుంది? అది కూడా సముద్రం అడుగుతోంది.

కాబట్టి అక్కడే ఉండి ఏదో ఒకటి చెయ్యాలి. ఆ పేరు కప్పించుకోమను. పాతదాని మీద కొత్త బొమ్మ వేసి కప్పేస్తారట కదా, మా వీధిలో ఒక కుర్రాడు అలాగే చేయించుకున్నాడు. నీకు పొడిపించే ముందు తనది కప్పించుకోమని అడుగు. ఇందులో సిగ్గేంటి?

మీ అక్క,
సత్యకుమారి

*

నిడదవోలు,
పుష్యమాసం

అక్కా,

నేను అడగాల్సిన పని లేకపోయింది. రాజమండ్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆయనకి అన్నం సహించడం లేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర తలెత్తకుండా అన్నారు, "దీన్ని కప్పించేస్తాను. దేనితో కప్పాలో నువ్వే చూడు."

మళ్ళీ నన్నే చూడమన్నారు. నా చేతికి డిజైన్ వెతకడమే రాక నీకు రాస్తే, ఇప్పుడు చచ్చిపోయిన పిల్లని దేనితో కప్పాలో కూడా నేనే చెప్పాలి.

నీ చిలకని ఫోన్‌లో ఫోటో తీసి కార్తీక్‌కి పంపాం. "కప్పాలంటే పాతదానికన్నా పెద్దదిగా, ముదురుగా ఉండాలండీ. ఈ చిలకని నల్లగా నింపాల్సి వస్తుంది. అప్పుడది చిలకలా ఉండదు, కాకిలా ఉంటుంది" అన్నాడు. నెమలి అయితే ఈకల్లో అక్షరాలు కలిసిపోతాయట. పులి మొహం కూడా పంపాడు. పులిని చూసి అత్తయ్యగారు, "వాడి మొహానికి పులా? పిల్లిని చూస్తే ముసుగు తన్ని పడుకుంటాడు" అన్నారు. ఆయన కూడా నవ్వారు. చాలా రోజులకి నవ్వారు. నేను నెమలి అన్నాను.

అన్నాక అడిగాను, కప్పితే కింద అక్షరాలు పోతాయా అని. పోవట. పైకి కనపడవు, అంతే. చర్మం కిందే ఉంటాయట.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ జాతరలో ఇద్దరూ కలిసే వేయించుకున్నారట. ఆ పిల్ల చేతి మీద ఆయన పేరు. మనం పోయేటప్పుడు మెళ్ళో గొలుసైనా తీసేస్తారు కానీ పచ్చబొట్టు తీయలేరు, అదొక్కటే వెంట వస్తుందని అమ్మమ్మ చెప్పేది గుర్తుందా? ఆయన పేరు అప్పుడే వెళ్ళిపోయింది అక్కా. ఇంక నా చేతి మీద ఎందుకు?

ఆ పిల్ల ఫోటో చూపించారు అత్తయ్యగారు. నల్లగా, బక్కగా, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. కోపం తెచ్చుకుందామని చాలాసేపు చూశాను. రాలేదు. బతికున్నదైతే కనీసం తిట్టుకునేదాన్ని.

నీ చెల్లెలు

*

ఉప్పాడ,
పుష్యమాసం

దుర్గా,

నెమలీ వద్దు, కాకీ వద్దు. రాత్రంతా ఆలోచించాను. ఆ చేతి మీద ఏముంటే నీకేంటి? ఆ పిల్లని అక్కడే ఉండనీ. నీది నీకు కావాలి.

నీ పేరు అడుగు. చీర కాదు, నగ కాదు, వాళ్ళ ఇంట్లోంచి ఒక్క గింజ ఖర్చు లేదు. "నన్ను దుర్గా అని పిలవండి" అని ఒక్కసారి నోరు తెరువు. బడిలో హాజరు పిలిస్తే కూడా నీ గొంతు పైకి వచ్చేది కాదు, పక్కన కూర్చున్న పిల్ల నీ బదులు పలికేది. అక్కడ పక్కన ఎవరూ లేరే తల్లీ. నువ్వే పలకాలి.

అమ్మ నీకు రాయమంది, ఏం రాయాలో చెప్పలేకపోయింది.

మీ అక్క

*

నిడదవోలు,
పుష్యమాసం, అమావాస్య దగ్గరలో

అక్కా,

అడిగాను.

ఆయన స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటుంటే తలుపు పక్కన నిలబడి అడిగాను. ముందు వినపడలేదు. "ఏంటి?" అన్నారు. మళ్ళీ అన్నాను, నన్ను నాగదుర్గ అని పిలుస్తారా అని. ఆయన చాలాసేపు తువ్వాలు మొహం మీద నుంచి తియ్యలేదు. "ఇప్పుడు మారిస్తే అందరూ ఎందుకని అడుగుతారు" అన్నారు. వంటింట్లోంచి అత్తయ్యగారు, "నీ పేరు ఎవడెత్తుకుపోయాడే? ఆధార్ కార్డులో ఉందిగా, బీరువాలో భద్రంగా ఉంది" అన్నారు.

సరే అని వచ్చేశాను. ఇంక అడగలేను అక్కా.

నిన్న కార్తీక్ దగ్గరికి వెళ్ళాలి, నెమలికి. పొద్దున్నే చెప్పులు వేసుకుంటుండగా పిఠాపురం నుంచి ఒకావిడ వచ్చారు. తెల్లబడ్డ జుట్టు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆవిడ పేరు రత్నమాణిక్యం, ఆ పిల్ల తల్లి. మా పెళ్ళికి కూడా రాలేదు. కప్పించేస్తున్నారని ఎవరో చెప్పారట.

"ఏం అనుకోకు శివా, కప్పేసే ముందు ఒక్కసారి చూసిపోదామని వచ్చాను" అన్నారు.

ఆయన చెయ్యి చాపారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి రాశారు, పిల్లలు పలక మీద దిద్దినట్టు. నేను చూడలేక పెరట్లోకి వెళ్ళిపోయాను. అత్తయ్యగారు ఏం చెయ్యాలో తోచక పెరటి వైపు తిరిగి గట్టిగా కేకేశారు.

"అశ్వినీ! అత్తకి మంచినీళ్ళు తీసుకురా!"

ఆవిడ లేచి నిలబడిపోయారు అక్కా. పెరటి గుమ్మం వైపు చూస్తూ. ఆ గుమ్మంలోంచి నేను వచ్చాను, గ్లాసు పట్టుకుని.

నా వంక ఆవిడ చూసిన చూపు నేను రాయలేను. గ్లాసు అందుకోలేదు. "నీ పేరేంటమ్మా?" అని అడిగారు.

ఈ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఆవిడ ఒక్కరే. అందరికీ వాళ్ళే చెప్పేశారు కదా. నా అసలు పేరే చెప్పచ్చు. ఆవిడ ఏమీ అనుకునే మనిషి కాదు. కానీ ఆవిడ వెనక అత్తయ్యగారు నిలబడి నా వంకే చూస్తున్నారు. ఆయన తల దించుకున్నారు. నా నోట్లోంచి వచ్చింది,

"అశ్విని అండి."

ఆవిడ దగ్గరికొచ్చి నా రెండు బుగ్గలూ పట్టుకున్నారు. చేతులు చల్లగా ఉన్నాయి. "ఒక్కసారి పిలుస్తాను, పలుకుతావా?" అన్నారు. తల ఊపాను. పిలిచారు. నేను "ఆఁ" అన్నాను. ఆవిడ సంచిలోంచి గొట్టం కాజాల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు.

మేం రాజమండ్రి వెళ్ళలేదు. ఆయన అడగకముందే నేనే అన్నాను, అది కప్పద్దు, ఉండనీయండి అని. ఇంకేం అనను?

నీ చెల్లెలు

*

ఉప్పాడ,
మాఘమాసం

దుర్గా,

నువ్వు అలా పలికావని చదివి మగ్గం మీద నుంచి లేచిపోయాను. నీ మీద కోపం కాదు. ఆ తల్లి మీదా కాదు. ఎవరి మీద కోపగించుకోవాలో ఒక్క మనిషి దొరకడం లేదు.

నేను నీకేమీ చెయ్యలేను. రాయగలను. దుర్గా, దుర్గా, నాగదుర్గా. ఇంద, మూడుసార్లు పిలిచాను. దాచుకో.

మీ అక్క

*

నిడదవోలు,
మాఘమాసం, పెళ్ళిరోజు మర్నాడు

అక్కా,

నీ మూడు పిలుపులూ అందాయి. పోపుల డబ్బా కింద పెట్టుకున్నాను.

నిన్న రాజమండ్రి వెళ్ళాం. నేను అడగలేదు. ఇచ్చిన మాట ఒక్కటైనా నిలబెట్టుకోవాలనుకున్నారో ఏమో, పొద్దున్నే తయారవమన్నారు.

"ఏమన్నా, నెమలి దింపేద్దామా?" అన్నాడు కార్తీక్.

"నాది ఉండనీ. ఆవిడకి వెయ్యి."

"వదినగారికి ఏం డిజైన్?"

ఆయన నా వంక చూశారు. "తనకేం కావాలంటే అదే వెయ్యి" అని బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. తన పేరు ఉండాలి అనలేదు. మర్చిపోయారో, అనలేకపోయారో నాకు తెలియదు.

నీ చిలక కాగితం నా పర్సులోనే ఉంది. తీసి ఇచ్చాను. అతను సంబరపడ్డాడు. "కింద చోటు వదిలారు, ఇక్కడ పేరు కదండీ? శివ అంటే చాలా, శివరామకృష్ణ అని పూర్తిగానా? పూర్తిగా అంటే మీ చెయ్యి చాలదండోయ్, సగం గోడ మీద రాయాలి."

చిలక వద్దండి, పేరు ఒక్కటే అన్నాను. బల్ల మీది పెన్ను తీసుకుని నీ చిలక కింద వదిలిన చోటులో రాసి ఇచ్చాను. నాగదుర్గ అని. నాకు వచ్చిన అక్షరాల్లోనే.

అతను చదివి, "ఎవరండీ ఈవిడ? మీ అమ్మగారా?" అన్నాడు.

నేను ముందుగా ఏమీ అనుకోలేదు అక్కా. "మా ఇంటి ఆడపిల్ల అండి. ఇప్పుడు లేదండి" అన్నాను.

వాగుడు మానేశాడు. పాట ఏదో మోగుతుంటే ఆపేశాడు. చేతి లోపలి వైపు, మోచేతికి దగ్గరగా, నా అక్షరాలు నేను రాసినట్టే దిద్దాడు. వంకర కూడా అలాగే ఉంచాడు. సూది దిగుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి, ఆపుకోలేకపోయాను. "పర్లేదండీ, ఏడవండి. పోయినవాళ్ళ పేరు వేయించుకునేవాళ్ళు అందరూ ఏడుస్తారు" అన్నాడు.

ఆయన లోపలికి వచ్చి చూశారు. చదివారు. కార్తీక్ "సారీ అన్నా, తెలియక జోకులేశాను" అంటే ఆయన తల ఊపారు.

రైలు వంతెన ఎక్కింది. కడ్డీల నీడలు మా ఇద్దరి మీదా పరుగెడుతున్నాయి. ఆయన ఎప్పుడూ మడిచి ఉంచే చొక్కా చెయ్యి కిందికి దించుకుని మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నారు. నా చేతి వంకే చూస్తున్నారు. ఇప్పుడు పిలుస్తారేమో అనుకున్నాను. చదివారు కదా, చదివింది పైకి అంటే చాలు. పెదవులు కదిలినట్టు కూడా అనిపించింది. వంతెన అయిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్యగారు గుమ్మంలోనే ఉన్నారు. "ఏదీ, చూపించు" అని నా చెయ్యి లాగి వెలుతురుకి పట్టారు. చుట్టూ ఎర్రగా వాచి ఉంది. అక్షరాల మీద వేలు ఆడించి, "ఏం రాయించావే?" అన్నారు.

ఆయన నా వెనక చెప్పులు విప్పుకుంటున్నారు. తల ఎత్తకుండా చెప్పారు.

"నా పేరేనమ్మా."

"పూర్తిగా రాయించావా?"

"పూర్తిగానే."

అక్కా, ఈ ఇంట్లో నా కోసం ఎవరైనా చేసింది అదొక్కటే. పక్కింటివాళ్ళకి చదువొచ్చు, పాలబ్బాయికి చదువొచ్చు. ఎన్నాళ్ళు దాగుతుందో తెలియదు. దాగినన్నాళ్ళు మా ఇద్దరికీ తెలుసు, అంతే.

అత్తయ్యగారు దేవుడి దగ్గర కుంకుమ తెచ్చి నా నుదుట పెట్టారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. "ఇప్పుడు నిండుగా ఉందే నీ చెయ్యి. మొగుడి పేరు ఒంటి మీద ఉంటే ఆ కళే వేరు" అన్నారు. నేను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాను.

"చాల్లే, లేలే. అశ్వినీ, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూడు."

వస్తున్నానండి అని వెళ్ళాను.

నీ చెల్లెలు,
నాగదుర్గ